గరిక ఎండితే కోర్సు మూసేయాలా?

నగరాలు గోల్ఫ్ కోర్సులు నడపడం శుద్ధ దండగ అనే మాట అమెరికాలో ఇప్పుడు వాదన స్థాయి దాటి నమ్మకంగా స్థిరపడిపోయింది. బడ్జెట్ సభలు మొదలయ్యాయంటే ఏదో ఒక ఊళ్లో ఈ మాట లేస్తుంది. గోల్ఫ్ ఖరీదైన ఆట. కోర్సు బాగుండాలంటే ఏడాది పొడవునా పచ్చగా మెరవాలి. అలా మెరవాలంటే నీళ్లు, ఎరువులు, మందులు, యంత్రాలు, మనుషులు బోలెడు కావాలి. అంత డబ్బు నగరం దగ్గర లేదు. కాబట్టి ఉన్న కోర్సును ఏ కంపెనీకో లీజుకిచ్చేయాలి, లేదంటే మూసేసి ఇళ్లు కట్టాలి. వరస చూడటానికి బాగానే ఉంది. కానీ ఇందులో రెండో మాట అబద్ధం. కోర్సు బాగుండటానికీ పచ్చగా మెరవడానికీ సంబంధం లేదు. ఆ ఒక్క మాట కొట్టేస్తే తర్వాతి లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

ఇది మనకెందుకులే అని తెలుగువాళ్లు అనుకోవడానికి లేదు. డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఎన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయో అందరికీ తెలుసు. శనివారం పొద్దున్నే ఏ మునిసిపల్ కోర్సుకు వెళ్లినా ఆట మొదలుపెట్టే మొదటి టీ దగ్గర తెలుగు వినిపిస్తుంది. అదే సమయంలో, 'మన పన్నులతో వాళ్లకు ఆటలేమిటి' అని గట్టిగా అనేవాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. హైదరాబాద్‌లో గోల్ఫ్ పేరు వాళ్లు చూసింది విల్లాల ప్రకటనల్లో. ఇక్కడి పరిస్థితి వేరు. అమెరికాలో సుమారు 16,000 కోర్సులుంటే అందులో నాలుగింట మూడు వంతులు డబ్బు కట్టిన ఎవరైనా ఆడుకోగలిగేవే. 1927లో పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగిన సీడర్ క్రెస్ట్ ఈ రోజు డల్లాస్ నగరం ఆస్తి. రిటైరైన బస్సు డ్రైవరూ, హైస్కూలు పిల్లవాడూ అక్కడ ఆడగలరు.

ఈ పచ్చదనం పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో గోల్ఫ్ లోకంలో అందరికీ తెలుసు. జార్జియా రాష్ట్రంలోని అగస్టా నేషనల్‌లో ఏటా ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీ జరుగుతుంది. 1966 నుంచి దాన్ని రంగుల్లో ప్రసారం చేస్తున్నారు. ఎక్కడా ఒక్క గోధుమ రంగు మచ్చ లేని ఆ నేలను చూసిన వేరే క్లబ్బుల సభ్యులు మర్నాడు తమ కోర్సుకు వెళ్లి గడ్డి చూసుకునే సూపరింటెండెంటును నిలదీయడం అప్పటి నుంచే మొదలైంది. దీనికి ఆ వృత్తిలోవాళ్లు 'అగస్టా జబ్బు' అని పేరే పెట్టుకున్నారు. ఆ కోర్సు వేసవంతా మూసే ఉంటుంది. శరదృతువులో చలికాలపు రై గడ్డి విత్తనం చల్లి పెంచుతారు. గుంటల చుట్టూ పొట్టిగా కోసిన గ్రీన్ల అడుగున గొట్టాలు వేసి, ఫ్యాన్లతో మట్టిలోని తేమను లాగేస్తారు. ఆడేవాళ్లు కొద్దిమంది, డబ్బుకు హద్దు లేదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా జనం తొక్కే నగరం కోర్సును దాంతో పోల్చడమంటే పెళ్లి పందిరిని చూసి వచ్చి ఇంటి వాకిలి బాగాలేదనడమే.

ఇందులో నన్ను నిజంగా బాధపెట్టే విషయం ఒకటుంది. అగస్టాను గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి గీసిన కోర్సుల రూపకర్త అలిస్టర్ మెకంజీ ఈ ఆడంబరానికి పూర్తిగా వ్యతిరేకి. 1933లో ఆ కోర్సు తెరిచేనాటికి దానిమీద ఉన్న బంకర్లు, అంటే ఇసుక గుంతలు, 22 మాత్రమే. నిర్వహణ ఖర్చు తక్కువగా ఉండాలని ఆయన కావాలనే అలా గీశాడు. ఆర్థిక మాంద్యం రోజులవి. అంతకు ముందు ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కోసం పసిఫికాలో సముద్రం ఒడ్డున ఆయన గీసిన షార్ప్ పార్క్ తెరుచుకుంది. అది ఇప్పటికీ మునిసిపల్ కోర్సే. మెకంజీకి ఆదర్శం స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్. ఆ ఓల్డ్ కోర్సును అడుగడుగునా కొలిచి పటం గీసినవాడాయన. అంటే నగరాల మీదికి ఎత్తిచూపే ఆ అగస్టా కూడా పొదుపు ఆలోచనతో పుట్టిందే. తర్వాత వచ్చిన డబ్బు దానికి రంగు పూసింది.

సెయింట్ ఆండ్రూస్ సంగతి చూడండి. గోల్ఫ్‌కు పుట్టిల్లుగా లోకమంతా తలచుకునే ఆ నేల ఏ క్లబ్బుదీ కాదు, ప్రజలది. ఊరివాళ్లకు అక్కడ ఆడుకునే హక్కు ఉందని 1552 నాటి పత్రం ఒప్పుకుంది. 1974లో బ్రిటిష్ పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ట్రస్టు ఇప్పుడు నడుపుతోంది. ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వేల మీద, అంటే గుంట దాకా సాగే కోసిన గడ్డి దారుల మీద, షికారు చేస్తారు. వాన తగ్గిన వేసవిలో ఆ నేల గోధుమ రంగుకు తిరుగుతుంది. బంతి దొర్లుతూ దొర్లుతూ ఎక్కడికో పోతుంది. ఆటగాడు నేల వాలు చదవాల్సి వస్తుంది. ఆ గోధుమ రంగు నేల మీద ఆడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం ఏళ్ల తరబడి కలలు కని వస్తారు. మన ఊళ్లో అదే రంగు కనిపిస్తే కౌన్సిల్ సభ్యుడికి ఫిర్యాదు రాస్తారు.

ఇక గడ్డి సంగతి. అమెరికా దక్షిణాదిలో చాలా కోర్సుల్లో ఉన్నది బెర్ముడా గడ్డి. అది మన గరికే. వినాయక చవితికి పత్రిలో వేసే గరిక, చేలో మొలిస్తే రైతు పీకలేక అలిసిపోయే గరిక. 1960లో జార్జియాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చి దక్షిణాది ఫెయిర్‌వేలను కమ్మేసిన టిఫ్‌వే రకం ఈ గరికనే ఆఫ్రికా బంధువుతో కలిపి చేసిన సంకరం. గరిక స్వభావం మన పల్లెల్లో ఎవరికి చెప్పాలి? నీళ్లు లేకపోతే ఎండుతుంది, చావదు. తొలకరి పడగానే లేస్తుంది. టెక్సాస్‌లో నవంబరులో మంచు పడితే ఎండుగడ్డి రంగుకు మారి నిద్రపోతుంది, మార్చి ఆఖర్లో మళ్లీ చిగురిస్తుంది. నిద్రపోతున్న గరిక మీద ఆట అద్భుతంగా సాగుతుంది. నేల గట్టిగా, బంతి కింద పొడిగా ఉంటుంది.

కానీ ఆ రంగు బాగుండదని చాలా కోర్సులు ఏటా శరదృతువులో ఫెయిర్‌వేల మీద రై విత్తనం చల్లుతాయి. ఎకరాకు వందల పౌన్ల విత్తనం. అది మొలిచేదాకా రోజుకు నాలుగైదు తడులు. మొలిచాక చలికాలమంతా కోత, డీజిలు, ఎరువు. వసంతం రాగానే ఈ రై గడ్డే గరిక మీద నీడ పరిచి దాని చిగుళ్లను అణిచేస్తుంది. జూన్ నాటికి రై చచ్చిపోతుంది, కింద గరిక పలచబడి ఉంటుంది, మధ్యలో మట్టి తేలుతుంది. డబ్బు పెట్టి తమ గడ్డిని తామే పాడుచేసుకుని, తర్వాత దాన్ని బాగుచేసుకోవడానికి ఇంకా డబ్బు పెట్టే పని ఇది. అరిజోనాలో చలికాలం పర్యాటకుల మీద బతికే రిసార్టుకు ఇది వ్యాపారం కావచ్చు. మునిసిపల్ కోర్సుకు ఇది ఆత్మహత్య. బడ్జెట్ బిగుసుకున్న ఏ నగరమైనా మొట్టమొదట కొట్టేయాల్సిన పద్దు ఇదే. చాలాచోట్ల ఆఖరిదాకా మిగిలేది కూడా ఇదే, ఎందుకంటే రంగు అందరికీ కనిపిస్తుంది.

కొట్టేసేది మాత్రం ముందుగా మనుషుల్ని. మామూలు కోర్సుల నిర్వహణ ఖర్చులో సగానికి పైగా జీతాలే గనుక, కోత పెట్టమన్న అధికారి కన్ను అక్కడే పడుతుంది. సూపరింటెండెంట్ కింద ఇద్దర్ని తీసేస్తారు, మెకానిక్కును ఇంకో శాఖతో పంచుకోమంటారు. దీనంత తెలివితక్కువ పొదుపు ఇంకోటి లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త దగ్గరగా వెళ్లి చూడాలి.

18 గుంటల కోర్సు విస్తీర్ణం సుమారు 150 ఎకరాలుంటే, గ్రీన్లన్నీ కలిపి మూడెకరాలు. ఆట సగం జరిగేది ఆ మూడెకరాల్లో. అక్కడ గడ్డిని మిల్లీమీటర్ల లెక్కన కోస్తారు. కోసే రీల్ మోవర్‌లో తిరిగే బ్లేడ్లు కింది బ్లేడుతో కలిసి గడ్డిని కత్తిరిస్తాయి. మెకానిక్ రోజూ ఆ రెంటి మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి రీలును చేత్తో తిప్పుతాడు. బ్లేడు ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం శుభ్రంగా తెగాలి. ఒకచోట నలిగి మడతపడిందంటే ఆ చోట గడ్డిని కొయ్యదు, పీకుతుంది. పీకిన గడ్డి కొస తెల్లబడుతుంది, నీరు కోల్పోతుంది, తెగులుకు దారి ఇస్తుంది. ఇరవై ఏళ్ల పాత మోవర్ అయినా మంచి మెకానిక్ చేతిలో కొత్తదానిలా కోస్తుంది. మెకానిక్ లేని కోర్సులో కొత్త మోవర్ రెండో వేసవికే గడ్డిని నమిలేస్తుంది.

మా వైపు ఒక నగరం కోర్సులో సూపరింటెండెంట్ పొద్దున్నే గ్రీన్ మీద మట్టి నమూనా తీయడం చూశాను. వేలెడు మందాన ఉక్కు గొట్టం దిగేసి పైకి లాగారు. పొడుగ్గా మట్టి కడ్డీ వచ్చింది. పైన అంగుళం లోపు మెత్తగా, గోధుమ రంగులో చచ్చిన కాడలూ వేళ్లూ. దాని కింద ఇసుక. ఇసుకలో ఒకచోట నల్లటి చార. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకిచ్చారు. కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ నీరు నిలిచి గాలి ఆడటం లేదని దాని అర్థం. ఆ గ్రీన్‌కు ఆ రోజు నీళ్లు ఆపించారు. రంధ్రాలు వేసే పని ముందుకు జరిపారు. స్ప్రింక్లర్ టైమర్ ప్రకారం పోయి ఉంటే నాలుగు వారాల్లో ఆ గ్రీన్ చచ్చేది. కొత్త గ్రీన్ వేయడానికి అయ్యే ఖర్చుతో ఒక మనిషికి ఏడాది జీతం ఇవ్వొచ్చు. 'మనుషుల్ని తగ్గించాం' అని నివేదికలో రాసుకునేవాళ్లు ఆ వాసన ఒక్కసారి చూడాలి.

రంధ్రాలు వేసే పని మీద కూడా కత్తి పడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు గ్రీన్ అంతా చిల్లులు పొడిచి ఇసుక నింపుతారు. రెండు మూడు వారాలు బంతి సరిగ్గా దొర్లదు, ఆటగాళ్లు విసుక్కుంటారు, ఆదాయం తగ్గుతుంది. అందుకని డబ్బుల్లేని నగరం ఈ ఏటికి వద్దంటుంది. వచ్చే ఏడూ వద్దంటుంది. మూడో ఏట వేసవికి గ్రీన్లు కూలిపోతాయి. అప్పుడు 'చూశారా, గోల్ఫ్ ఎంత ఖరీదో' అంటారు. ఇది గోల్ఫ్ ఖరీదు కానే కాదు, వాయిదా ఖరీదు. పంపులు, మురుగు కాలువలు, గొట్టాలు కూడా ఇంతే. వీటిలో పొదుపు చేయొచ్చని నేను ఎప్పుడూ అనను. ప్రతి రూపాయినీ తగ్గించొచ్చనేవాళ్లు ఎక్కువ ఖర్చు కావాలనేవాళ్లంత తప్పు.

మరి తగ్గించగలిగేవి ఏవి? చాలా ఉన్నాయి. గ్రీన్ల వేగంతో మొదలుపెడదాం. బంతి గ్రీన్ మీద ఎంత దూరం దొర్లుతుందో కొలవడానికి ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో ఒక గాడి బద్ద తయారుచేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం 1970ల చివర్లో దాన్ని కోర్సులకు పంచేముందు దేశమంతా కొలిస్తే సగటు ఆరున్నర అడుగులు వచ్చింది. ఇప్పుడు మునిసిపల్ కోర్సులో కూడా పది కావాలంటున్నారు. పది రావాలంటే గడ్డిని ప్రాణం పోయేంత పొట్టిగా కొయ్యాలి, తెగులు మందులు పెంచాలి. ఆ పది అడుగుల వల్ల కొత్తగా ఆడేవాడికి ఒరిగేది మూడు పట్లు ఎక్కువ కొట్టడమే, వెనకవాళ్లు ఆగడమే. కోత ఎత్తు కాస్త పెంచి, రోజు విడిచి రోజు కోతకు బదులు రోలర్ తిప్పితే చాలు. తేలిక రోలర్ తిప్పిన గ్రీన్లలో డాలర్ స్పాట్ అనే మచ్చ తెగులు తగ్గుతుందని మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధనల్లో తేలింది. ఖర్చూ తగ్గింది, మందూ తగ్గింది.

తర్వాత బంకర్లు. అవి ఆటంకాలు. ఆటంకంలో పడ్డ బంతికి చక్కటి చదును ఇసుక కావాలని కోరడమే విడ్డూరం. అయినా రోజూ దువ్వి, అంచులు కోసి, వాన పడ్డప్పుడల్లా జారిన ఇసుకను పారతో ఎత్తి పోయడానికి పట్టే పనిగంటలు గ్రీన్లతో పోటీ పడతాయి. బంతి ఎవరూ కొట్టని చోట ఉన్న బంకర్లను పూడ్చేసి గడ్డి పెంచితే ఆటకు లోటు రాదు. ఫెయిర్‌వేల పక్కన ఎకరాల కొద్దీ ఉండే రఫ్‌ను కోయడం మానేసి దేశవాళీ గడ్డికి వదిలేయొచ్చు. గ్రీన్లకు పొద్దుటెండ తగలకుండా చేసే చెట్లను మాత్రం, ఎవరెన్ని అన్నా, తీసేయాలి. నీడలో గడ్డి ఎదగదు, తెగులు పెరుగుతుంది, మందు బిల్లు లేస్తుంది.

గోధుమ రంగు కోర్సుకు జనం రారని అనేవాళ్లకు పైన్‌హర్స్ట్ నంబర్ 2 ఉంది. నార్త్ కరోలినాలోని ఆ రిసార్టు కోర్సును 2010, 2011లలో రూపకర్తలు బిల్ కూర్, బెన్ క్రెన్‌షాలు పాత రూపుకు తెచ్చారు. తడి పెట్టే గడ్డిని సుమారు 35 ఎకరాల మేర పీకేసి ఇసుక, రెల్లు కుచ్చులు వదిలారు. దాదాపు 1,100 స్ప్రింక్లర్లుంటే 450 మిగిల్చారు. 2014లో యూఎస్ ఓపెన్ అక్కడే జరిగింది. టీవీలో చూసి రంగు బాగాలేదని నొచ్చుకున్నవాళ్లు చాలామందే. పోటీ మాత్రం 2024లో మళ్లీ అక్కడికే వచ్చింది. అది మునిసిపల్ కోర్సు కాదు, నిజమే. డబ్బున్నవాళ్లే నీళ్లు తగ్గించినా ఆట చెడలేదు అన్నంతవరకే నా వాదన.

నగరం కోర్సే కావాలంటే ఫ్లోరిడాలో విశాలమైన రిసార్టుల మధ్య చిన్న ఊరు వింటర్ పార్క్ ఉంది. 1914 నుంచి ఉన్న తొమ్మిది గుంటల కోర్సు, నలభై ఎకరాలకు అటూ ఇటూ. 2016లో సుమారు 12 లక్షల డాలర్లతో నగరం దాన్ని బాగుచేయించింది. పెద్ద క్లబ్‌హౌస్ లేదు, జలపాతాలు లేవు. గ్రీన్ల ఆకారాల మీద, మట్టి మీద బుర్ర పెట్టారు. ఇప్పుడక్కడ ఆడాలంటే ముందే సమయం పట్టుకోవాలి. దేశమంతా నగరాల అధికారులు వెళ్లి చూసి వస్తున్నారు.

ఎదురుదెబ్బ తిన్న ఉదాహరణ కూడా నేనే చెప్తాను. వాషింగ్టన్ రాష్ట్రంలో పియర్స్ కౌంటీ పాత కంకర గని మీద 2007లో చేంబర్స్ బే తెరిచింది. నీరు తక్కువ తాగే ఫెస్క్యూ గడ్డి వేశారు. 2015 యూఎస్ ఓపెన్ నాటికి గ్రీన్లలో వేరే గడ్డి చొరబడి బంతి ఎగుడుదిగుడుగా పోయింది, ప్రపంచం ముందు పరువు పోయింది. తర్వాత గ్రీన్లను అక్కడ సహజంగా పెరిగే పోవా గడ్డికే మార్చారు. చుట్టూ ఫెయిర్‌వేలు మాత్రం ఫెస్క్యూయే, గోధుమ రంగే. గ్రీన్ల మీద రాజీ పడకు, మిగతా నేలను స్థానిక వాతావరణానికి వదిలెయ్ అన్న మాటకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

లోటు ఎక్కడి నుంచి వస్తుందో పద్దుల్లో చూస్తే గడ్డి చాలా కింద ఉంటుంది. 1988లో నేషనల్ గోల్ఫ్ ఫౌండేషన్ దేశానికి రోజుకో కొత్త కోర్సు కావాలని చెప్పింది. నగరాలు ఎగబడి బాండ్లు అమ్మి కోర్సులు, పెళ్లిళ్ల హాళ్లున్న క్లబ్‌హౌస్‌లు కట్టాయి. 2006 నుంచి తెరిచేవాటికన్నా మూసేవి ఎక్కువయ్యాయి. చాలా కోర్సులు తమ రోజువారీ ఖర్చు తాము సంపాదించుకుంటాయి. వాటిని ముంచేది ఆ బాండ్ల వడ్డీ, ఎవరూ తినని రెస్టారెంటు నష్టం, నగరం ప్రతి శాఖ మీదా వేసే పరిపాలన ఖర్చు వాటా. పైగా కోర్సు తన ఖర్చు తానే రాబట్టుకోవాలన్న నియమం. గ్రంథాలయాన్నీ టెన్నిస్ కోర్టునూ అలా అడగరు. లీజుకు తీసుకునే కంపెనీ ఆ అప్పు మోయదు. ఫీజు పెంచుతుంది, రంధ్రాలు వేయడం మానేస్తుంది, పదేళ్లకు పంపులు పాడైన కోర్సును తిరిగి నగరానికి అప్పగిస్తుంది.

ఇళ్లు కట్టాలన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అద్దెలు కట్టలేక జనం ఎంత నలుగుతున్నారో కనిపిస్తూనే ఉంది. మునిసిపల్ కోర్సులను ఇళ్లకు మార్చేందుకు కాలిఫోర్నియా శాసనసభలో ఏబీ 1910 బిల్లు 2022లో వచ్చి ఆగిపోయింది. అంతకు ముందే 2019లో, తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే శాంటా క్లారాలో, నగరం గోల్ఫ్ కోర్సును మూసి స్థలాన్ని భారీ నిర్మాణ ప్రాజెక్టుకు ఇచ్చింది. నాలుగైదు కోర్సులున్న నగరం ఒకటి వదులుకోవడం తప్పు కాదు. కానీ చాలా మునిసిపల్ కోర్సులు వాగుల ఒడ్డున, వరద నీరు చేరే పల్లాల్లో ఉన్నాయి. అక్కడ ఇళ్లు కట్టడం క్షేమం కాదు. అవి మూతబడితే ఇళ్లు రావు, కంచె పడుతుంది. నీటి గురించి ఆందోళన పడేవాళ్లకూ ఒక మాట. అమెరికా గోల్ఫ్ కోర్సులు వాడే సాగునీరు 2005 నుంచి 2020కి 29 శాతం తగ్గినట్టు సూపరింటెండెంట్ల సంఘం సర్వే చెబుతోంది. ఇంకా తగ్గించే దారి గోధుమ రంగును ఒప్పుకోవడమే.

గోల్ఫ్ ధనికుల ఆట కాబట్టి ప్రజాధనం వద్దు అనేవాళ్లు ఈ దేశ చరిత్ర చదవాలి. రాజధాని వాషింగ్టన్‌లో నల్లజాతి మహిళలు 1937లో వేక్ రాబిన్ అనే గోల్ఫ్ క్లబ్ పెట్టుకున్నారు. తమకూ ఒక కోర్సు కావాలని వాళ్లూ మరికొందరూ పట్టుబట్టి అడిగితే 1939లో లాంగ్‌స్టన్ కోర్సు తెరుచుకుంది. అట్లాంటాలో హోమ్స్ అనే నల్లజాతి కుటుంబం నగరం కోర్సులో తమను ఆడనివ్వలేదని కోర్టుకెక్కి, 1955లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. ప్రైవేటు క్లబ్బుల మీద ఆ పోరాటం సాధ్యమయ్యేది కాదు. నగరం ఆస్తి గనుకే హక్కుగా అడగగలిగారు. మునిసిపల్ కోర్సులు పోయిన నాడు గోల్ఫ్ నిజంగానే ధనికుల ఆట అవుతుంది.

టెక్సాస్‌లో చాలా నగరాల ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో బడ్జెట్ మీద బహిరంగ విచారణలు జరుగుతాయి. ఏ పౌరుడైనా వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. గోల్ఫ్ పద్దు వచ్చినప్పుడు మనవాళ్లు లేచి అడగాలి. లోటులో బాండ్ల వడ్డీ ఎంత, గడ్డి ఖర్చు ఎంత? ఈ శరత్కాలం రై విత్తనానికీ దాని నీళ్లకూ ఎంత పెడుతున్నారు? గ్రీన్లకు చిల్లులు పొడిచి ఎన్నాళ్లయింది? మెకానిక్ ఉద్యోగం భర్తీ అయిందా, ఖాళీగా ఉందా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా లీజు మీద గానీ మూసివేత మీద గానీ ఓటు వేయొద్దని మన వార్డు సభ్యుడికి రాతపూర్వకంగా చెప్పాలి.